అమ్మవారి హెలికాప్టరు

రెల్లులంకలో అమ్మవారి తెప్ప తిరునాళ్ళకు వెదురుతో హంసను కట్టేది జోగయ్య. అతనికి ముందు వాళ్ళ నాన్న, ఆయనకు ముందు తాత కట్టారు. కొల్లేటి నడుమ ఉన్న ఆ లంకలో అందరూ చేపలు పట్టుకుని బతికేవాళ్ళే. వెదురు చీల్చడం అందరికీ వచ్చు. చేప లోపలికి పోవడమే గాని బయటికి రాలేని వెదురు మావులు అల్లడం ఆడవాళ్ళకు కూడా వచ్చు. హంసను కట్టడం మాత్రం జోగయ్య ఇంటి విద్య.

చైత్ర పౌర్ణమినాడు రెండు దోనెలు జోడించి కట్టిన తెప్ప మీద అమ్మవారిని కూర్చోబెట్టి, కాలవలో తిప్పి, పొద్దు వాలే వేళకు రేవుకు తెస్తారు. రేవు గట్టున ఉన్న తాటిచెట్టు నుంచి నీళ్ళలో పాతిన స్తంభం దాకా ఒక మోకు కట్టి ఉంటుంది. తెప్ప ఆ మోకు కిందికి రాగానే హంస జారుతూ వచ్చి, సరిగ్గా అమ్మవారి తలపైన ఆగి, పొట్ట తెరిచి పూలు కురిపించాలి. పొట్ట తెరిచే తాడు జోగయ్య చేతిలో ఉండేది. పూలు పడగానే ఊరంతా చేతులెత్తి మొక్కేది. మొక్కేది అమ్మవారికే. అయినా ఆ దణ్ణాల్లో ఒక పిసరు తనవైపు కూడా వస్తున్నట్టు జోగయ్యకు అనిపించేది. అలా అనుకోవడం పాపమని అతనికి తెలుసు. తెలిసీ, ఏడాది పొడుగునా ఆ ఒక్క క్షణం కోసమే ఎదురు చూసేవాడు.

ఆ ఏడు తిరునాళ్ళ పెత్తనం వెంకట్రాజు గారి చేతికి వచ్చింది. ఆయనది కైకలూరు పక్కన పెద్ద సేద్యం. మొక్కు ఉండి, తిరునాళ్ళ ఖర్చంతా తానే పెట్టుకుంటానన్నారు. అంతకు కొద్ది రోజుల ముందే ఆయన ఏలూరులో సినిమాకు వెళ్ళి, ఆట మొదలుకాక మునుపు వేసే వార్తా చిత్రంలో హెలికాప్టరును చూశారు. వరదనీళ్ళలో చిక్కుకున్నవాళ్ళకు అది పైనుంచి మూటలు వదులుతోంది. విమానంలా పరుగెత్తి పోకుండా గాలిలో ఒక్కచోటే నిలబడింది. ఆ తర్వాత వేసిన ఆట ఆయన బుర్రకు ఎక్కలేదు. అమ్మవారి మీద పూలు ఇలా పడితే ఎంత బాగుంటుందన్నదే ఆలోచన.

ఏలూరులో రేడియోలు బాగుచేసే భీమశంకరం గారు ఆయనకు స్నేహితుడు. యుద్ధం రోజుల్లో సైన్యంలో వైర్‌లెస్ పని చేసి వచ్చిన మనిషి. నిజం హెలికాప్టరులా ఎగరేయడం మన వల్ల కాదని, మోకు మీద జారే బొమ్మ హెలికాప్టరుకు మాత్రం తన విద్యంతా పెడతానని ఆయన చెప్పాడు. పాత గ్రామఫోను స్ప్రింగుతో పైన రెక్కలు గిరగిరా తిరుగుతాయి. పొట్టలో చిన్న రేడియో పెట్టె ఉంటుంది. గట్టు మీద కూర్చుని తాను మీట నొక్కితే, తాడూ తీగా లేకుండా, అక్కడ తలుపు తెరుచుకుని పూలు పడతాయి. కావలసిందల్లా ఆ బరువు మోసే తేలికైన ఫ్రేము. ఇనుముతో చేస్తే మోకు ఆగదు. వెదురుతో కట్టాలి.

వెదురు కట్టడమంటే ఇంకెవరు, జోగయ్యే. భీమశంకరం గారు ఒక పళ్ళెంలో తాంబూలం పెట్టించుకుని, దోనె ఎక్కి రెల్లులంకకు ఒక్కడే వచ్చాడు.

ఈ తాంబూలానికి రెల్లులంకలో ఒక మర్యాద ఉంది. పెద్దలు తాంబూలం ఇవ్వబోతే హంసను కట్టేవాడు వెంటనే పుచ్చుకోకూడదు. అమ్మవారి పనికి తగినవాణ్ణి నేనేనని ఎవరంతట వారు అనుకోవడం తప్పు కదా. అందుకని, నా చేతులు అంత గొప్పవి కావండీ, ఇంకెవరినైనా చూసుకోండి అంటాడు. పెద్దలు కాదు నువ్వే అంటారు. మళ్ళీ వద్దంటాడు. మళ్ళీ అడుగుతారు. అప్పుడు పళ్ళేన్ని కళ్ళకద్దుకుని తీసుకుంటాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచీ జోగయ్య చూసిన పద్ధతి ఇదే.

భీమశంకరం గారు కాగితం మీద గీసిన బొమ్మ చూపించి, సంగతంతా చెప్పి, పళ్ళెం ముందుకు చాపాడు. జోగయ్యకు హంస పోతున్నందుకు బాధ కలగకపోలేదు. కాని ఆ బొమ్మను చూడగానే చేతులు చీల్చుడుకత్తి కోసం తడుముకున్నాయి. అయినా మర్యాద తప్పకూడదు గనుక తల వంచుకుని అన్నాడు:

"నా చేతులు అంత గొప్పవి కావండీ. ఇంకెవరినైనా చూసుకోండి."

"అయ్యో, అలాగాండీ," అన్నాడు భీమశంకరం గారు. "పోనీలెండి, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు. మరి ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు?"

జోగయ్యకు ఇంకా అర్థం కాలేదు. ఈయన పట్నం మనిషి, కొంచెం సరసం కలిపి మర్యాద చేస్తున్నాడు కాబోలనుకుని, తానూ చిరునవ్వుతో, "లేకేమండీ, మా బావమరిది సూర్రావున్నాడుగా," అన్నాడు.

భీమశంకరం గారు ఆ ఇల్లెక్కడో అడిగి తెలుసుకుని, పళ్ళెం తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

సూర్రావు జోగయ్య భార్య గంగారత్నానికి తమ్ముడు. మావులు అల్లడంలో లంక మొత్తానికి చురుకైన చెయ్యి. చాలా ఏళ్ళ క్రితం, మీసం అప్పుడే వస్తున్న రోజుల్లో, హంస కట్టడం నేర్పమని బావను అడిగాడు. నీ మావుల సంగతి నువ్వు చూసుకోరా అని జోగయ్య నవ్వేశాడు. సూర్రావు మళ్ళీ అడగలేదు. ఇప్పుడు ఏ మర్యాదా పాటించకుండా, ఏలూరాయన పళ్ళెం చాపీ చాపగానే అందుకున్నాడు.

మర్నాడే వెళ్ళి, నేను వద్దన్నది మాట వరసకండీ అని చెబితే సరిపోయేది. గంగారత్నం అదే చెప్పింది. కాని అది అడుక్కోవడమవుతుందని జోగయ్యకు తోచింది. మూడు తరాల చెయ్యి అడుక్కోవడమా? వెళ్ళలేదు. ఆ రోజునుంచి అతనికి తిన్నది ఒంటబట్టలేదు.

సూర్రావు రేవు పక్కన తడికెల పాకలో పని మొదలుపెట్టాడు. నీటికి ఆనుకుని ఉన్న పాక, ఎప్పుడూ చల్లగా, కొంచెం చెమ్మగా ఉంటుంది. ముందు గుండ్రంగా పెద్ద మావులాంటి తల, వెనక పొడుగాటి తోక, కింద దోనె అడుగుల్లాంటి రెండు కాళ్ళు, నడుమ నిలువుగా ఒక బొంగు. ఆ బొంగు మొదట్లో గ్రామఫోను స్ప్రింగు, కొనన రెక్కలు. వారానికోసారి భీమశంకరం గారు వచ్చి తన పెట్టె అందులో అమర్చి చూసుకునేవాడు. పైనుంచి చేతికందే తలుపొకటి పెట్టించాడు. ఊళ్ళోవాళ్ళకు వలల పని తప్పించి పాక దగ్గర నిలబడడమే పనైపోయింది. కలిదిండినుంచి కూడా జనం వచ్చి చూసి పోతున్నారు.

జోగయ్యా వెళ్ళేవాడు. వెళ్ళకుండా ఉండలేకపోయేవాడు.

"ఇదేంట్రా, మిడతకి కడుపొచ్చినట్టుంది," అన్నాడు మొదటిరోజు.

"మిడతైనా ఎగిరేదేగా బావా," అన్నాడు సూర్రావు తల ఎత్తకుండా. నిలబడ్డవాళ్ళు నవ్వారు.

తోక వంకరగా ఉందన్నాడు జోగయ్య. దారం పట్టి చూస్తే తిన్నగానే ఉంది. ఈ బరువుకు మోకు తెగుతుందన్నాడు. వెంకట్రాజు గారు ధాన్యం బస్తా వేలాడదీయించి చూపించారు, మోకు చెక్కు చెదరలేదు. ఆ గ్రామఫోను ఎవరింట్లో ఏయే పాటలు పాడిందో, దాని స్ప్రింగు అమ్మవారి తల మీద తిప్పుతారా అని పూజారి దగ్గరకు పోయి అడిగాడు. పూజారి పసుపునీళ్ళు చల్లి, ఇప్పుడు సరిపోయిందయ్యా అన్నాడు. చివరికి, జోగయ్య రేవువైపు నడుస్తుంటేనే ఇవాళ ఏ వంక పెడతాడో అని జనం ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకునే దాకా వచ్చింది.

రోజూ సందెవేళ గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకోవడం జోగయ్యకు అలవాటు. ఆ రోజుల్లో కూడా మానలేదు. కాని అమ్మా అన్న తర్వాత ఏమనాలో తెలిసేది కాదు. దాన్ని పడగొట్టు తల్లీ అని లోపల ఉన్న మాట. అది నోటితో అనడానికి భయం. వేరేమన్నా అంటే అబద్ధం. ఉత్తినే నిలబడి, తీర్థం పుచ్చుకుని వచ్చేసేవాడు. అన్నీ తెలిసిన తల్లికి ఇది తెలియదా, తెలిసీ తనను గుమ్మంలోకి ఎందుకు రానిస్తోంది అని దారిలో అనుకునేవాడు.

తిరునాళ్ళు రెండు రోజులున్నాయనగా ఫ్రేముకు రంగుకాగితాలు అంటించి, ఆరడానికి గట్టు మీద తాటిచెట్టుకు వేలాడదీశారు. అప్పటికే పడమటిగాలి మొదలైంది. మొహం మీద కొడితే పెదవులు పగిలే గాలి. మధ్యాహ్నం అక్కడ ఎవరూ లేని వేళ జోగయ్య దగ్గరగా వెళ్ళి, పైతలుపు తీసి లోపల చెయ్యి పెట్టాడు. నిలువు బొంగు మొదట్లో ఉన్న కట్టు మీద బొటనవేలు ఆనించి నొక్కాడు. ముడి కదిలింది.

వెంటనే అర్థమైంది. సూర్రావు మావులకు వేసినట్టే పురికొసతో కట్టాడు. మావు నీళ్ళలో బతికేది. నీళ్ళు తగలగానే పురికొస ఉబ్బి వెదురును కరిచి పట్టుకుంటుంది, ఎన్నాళ్ళున్నా వదలదు. చెమ్మగా ఉన్న పాకలోనూ అది బిగువుగానే ఉంది. ఈ ఎండగాలిలో నీరంతా లాగేసరికి పురికొస సన్నబడి వదులవుతోంది. గాలిలో ఉండేదాన్ని పురికొసతో కట్టకూడదు. పేము చీలికలు రాత్రంతా నానబెట్టి, పచ్చిగా ఉండగానే కట్టాలి. ఆరేకొద్దీ అవి బిగుస్తాయి. జోగయ్య ఇంటి విద్య అంతా ఇదే. హంసకూ మావుకూ ఉన్న తేడా ఇంతే.

ఆ క్షణాన అతనికి కలిగింది సంతోషం. దాచుకోవలసిన పని లేదు, సంతోషమే. ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నాడు. మారు వడ్డించమన్నాడు. గంగారత్నం ఆశ్చర్యపోయి చూసింది.

చెయ్యి కడుక్కుంటుండగా గుర్తొచ్చింది. అది పడితే ఎక్కడ పడుతుంది? రెక్కలు గిరగిరా తిరిగి ఊపు వచ్చేది మోకు నడుమకు చేరాక. నడుమ ఉండేది తెప్ప. తెప్ప మీద అమ్మవారు. ఇనుప స్ప్రింగూ బ్యాటరీలూ అమ్మవారి నెత్తిన పడతాయి, పక్కన హారతి పట్టుకున్న పూజారి మీద పడతాయి. ఇన్నాళ్ళూ నోటితో అనలేని కోరిక ఇదిగో ఇలా తీరబోతోంది.

ఉన్నపళంగా సూర్రావు దగ్గరకు వెళ్ళి చెప్పాడు. పేము సంగతి తప్పించి, ముడులు వదులవుతున్నాయన్నంత మటుకే చెప్పాడు.

"మొన్న తోకన్నావు, నిన్న మోకన్నావు. ఇవాళ ముడా బావా?" అన్నాడు సూర్రావు. "నా ముడి ఏనాడన్నా జారిందా? కొల్లేటిలో ఎవర్నన్నా అడుగు."

వెంకట్రాజు గారు ఇంకా మెత్తగా మాట్లాడారు. జోగయ్యా, నీ బాధ నాకు తెలుసు, వచ్చే ఏడు హంసను కూడా పెడదాంలే అని భుజం తట్టి పంపేశారు. ఇంటికొచ్చి భార్యతో చెప్పుకున్నాడు.

"ఇది నిజమేనండీ, మీ మొహం చూస్తే తెలుస్తోంది," అంది ఆవిడ. "కాని నిజం చెప్పేసరికి మీ మాటకు విలువ లేకుండా మీరే చేసుకున్నారు కదా."

తిరునాళ్ళ రోజు మధ్యాహ్నం అందరూ గుడి వెనక పందిట్లో భోజనాలకు కూర్చున్నారు. హెలికాప్టరును మోకు దగ్గర చిన్న బల్ల మీద దించి పెట్టారు. జోగయ్య పాతపంచె చింపి పేలికలు చేసి, కాలవలో తడిపి, పిండి, పైతలుపులోంచి చెయ్యి పెట్టి, అందిన ప్రతి కట్టుకూ చుట్టసాగాడు. చుక్క కూడా ఆ పెట్టె మీద పడకుండా ఒడిసిపట్టి చుట్టాడు. ఆరిన పురికొస నీళ్ళను తాగుతుంటే వేళ్ళకు తెలుస్తోంది. బొంగు మొదలు, తోక మొదలు, కాళ్ళ కీళ్ళు. ఒక్కొక్కటీ మళ్ళీ ఊపిరి పోసుకున్నట్టు బిగుస్తోంది.

"ఏం చేస్తున్నారక్కడ?"

భీమశంకరం గారు విస్తరి ముందునుంచి ఎంగిలిచేత్తో పరుగెత్తుకొచ్చాడు. జోగయ్య చేతిలో తడిపేలిక ఉంది. చెయ్యి మోచేతి దాకా హెలికాప్టరు పొట్టలో ఉంది. రేడియోలో నీళ్ళు పోస్తున్నాడన్న కేక పందిరి దాకా పోయింది. జనం మూగారు. వెంకట్రాజు గారి మొహం చూసి అందరూ తప్పుకుని దారి ఇచ్చారు.

"అమ్మవారి పనికి అడ్డం పడేటంత కడుపుమంటా నీకు?" అన్నారాయన. "తెప్ప దరిదాపుల్లోకి రాకు. మోకు ముట్టుకోకు. ఆ గట్టవతల నిలబడు, చాలు."

నమ్మే మొహం ఒక్కటీ కనబడక జోగయ్య గట్టవతలికి వెళ్ళి నిలబడ్డాడు.

భీమశంకరం గారు పేలికలన్నీ లాగి పారేశాడు. పెట్టె తుడిచి, మీట నొక్కి చూసుకున్నాడు. పనిచేస్తోంది. అయినా చెమ్మ దిగితే ప్రమాదమని, సాయంత్రం దాకా దీన్ని ఎర్రటి ఎండలో పెట్టండి, పూర్తిగా ఆరిపోవాలి అన్నాడు. ఇద్దరు బల్ల ఎత్తబోయారు.

అప్పుడు సూర్రావు ముందుకొచ్చాడు. తన కట్టు ఏమన్నా పాడైందేమో చూసుకోవడానికి లోపల చెయ్యి పెట్టాడు. బొంగు మొదట్లో ముడిని వేలితో నొక్కాడు. పేలిక చుట్టని మరో ముడిని నొక్కాడు. మళ్ళీ మొదటిదాన్ని నొక్కాడు. మావులు అల్లే చెయ్యి అది, తడిముడికీ పొడిముడికీ తేడా దానికి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. తల తిప్పి గట్టవతల నిలబడ్డ బావను చూశాడు. జోగయ్య కూడా చూశాడు. సూర్రావుకు తెలిసిపోయిందని జోగయ్యకు తెలిసింది. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాడు.

"ఎండలో వద్దండీ," అన్నాడు సూర్రావు. "కాగితం పగిలిపోద్ది. పాకలో నీడన పెడతాను. నేనే కూర్చుంటాను, ఎవర్నీ రానివ్వను."

అంతే అన్నాడు. పెట్టెను విప్పించి భీమశంకరం గారి ఒళ్ళో పెట్టాడు. హెలికాప్టరును పాకలోకి మోయించి తడికె మూసుకున్నాడు. కొంతసేపటికి కుండతో నీళ్ళు తెచ్చుకోవడం జోగయ్యకు గట్టవతలినుంచి కనబడింది. తడికె సందులోంచి అతని తువ్వాలు తడిసి నల్లగా కనబడింది.

సాయంత్రం పెట్టెను మళ్ళీ హెలికాప్టరులో అమర్చి, దాన్ని మోకుకు వేలాడదీశారు. తెప్ప తిరిగి వచ్చింది. డప్పులు మోగాయి. హంస పని తన చేతికొచ్చిన తర్వాత మొదటిసారి జోగయ్య చేతిలో తాడు లేకుండా ఒడ్డున నిలబడ్డాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతులు కట్టుకున్నాడు. హెలికాప్టరు మోకు మీద కదిలింది. పైన రెక్కలు తిరగడం మొదలుపెట్టేసరికి పిల్లా పెద్దా అరుపులు మానేసి నోళ్ళు తెరిచి చూశారు. నిజంగానే గాలిలో దానంతట అది వస్తున్నట్టుంది. నడుమకు వచ్చేసరికి ఒకసారి ఒళ్ళంతా జలదరించినట్టు ఊగింది.

పడు, అంది జోగయ్య మనసు.

ఆ కట్లను తడిపిన చేతులు తనవే. కింద ఉన్నది అమ్మవారు. అయినా అంది. జోగయ్య భయపడి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అది అమ్మవారి తలపైన నిలబడి ఉంది. గట్టు మీద భీమశంకరం గారు మీట నొక్కాడు. పొట్ట తెరుచుకుంది. మల్లెలు, బంతిరేకలు, గన్నేరుపూలు జలజలా రాలాయి. ఊరంతా చేతులెత్తింది. సూర్రావును ఎవరో భుజాల మీదకు ఎత్తుకున్నారు. వాడు నవ్వడం లేదని అంత దూరంనుంచి గమనించినవాడు జోగయ్య ఒక్కడే.

తడిపిందీ నేనే, పడమన్నదీ నేనే, ఇందులో ఏది నా లెక్కలో వేసుకుంటావు తల్లీ అని అడిగాడు ఆ రాత్రి, గుడి తలుపులు మూసేముందు.

మర్నాడు పొద్దున్నే సూర్రావు వచ్చాడు. అక్క ఇచ్చిన చద్దన్నం వద్దని, అరుగు కింద నిలబడ్డాడు.

"గాలిలో ఉండేదాన్ని దేంతో కడతారు బావా?"

జోగయ్య చాలాసేపు వల బాగుచేసుకుంటున్నట్టు నటించాడు. తర్వాత అన్నాడు:

"నిన్న అందరి ముందూ నోరు విప్పలేదేంరా?"

"విప్పాల్సింది," అన్నాడు సూర్రావు. "భుజాల మీద ఉన్నప్పుడూ అనుకున్నాను. నోరు రాలేదు." కాస్త ఆగి, నేల చూస్తూ అన్నాడు: "మరి నేనడిగిన రోజు నువ్వు చెప్పావా? మొన్న ముడి వదులైందన్నావు గాని, ఎందుకు వదులైందో చెప్పావా?"



జోగయ్య లేచి దొడ్లోకి వెళ్ళాడు. హంస కోసమని మాఘమాసంలోనే తెచ్చి, ఎందుకూ పనికిరాక పడి ఉన్న పేము మోపు విప్పి, చీల్చి నీళ్ళలో నానబెట్టాడు. మర్నాటికి నానిన చీలికలు తెచ్చి సూర్రావు ఒళ్ళో పడేసి, రెండు వెదురు పుల్లలు చేతికిచ్చాడు. ఎలా మడవాలో ఒక్కసారి చూపించాడు. సూర్రావు వేళ్ళు అది చూసీ చూడగానే పట్టుకున్నాయి. తనకు ఇది అబ్బడానికి నాన్న చేత ఎన్నిసార్లు తిట్లు తిన్నాడో జోగయ్యకు గుర్తుంది. వీడికి ఒక పూటలో వస్తోంది. కడుపుమంట పోయిందనుకున్నాడు గాని ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.

సూర్రావు మొదటి కట్టు వేశాడు, బాగుంది. రెండోది ఇంకా బాగుంది. మూడోదాంట్లో కొసను లోపలికి దోపవలసింది పైకి దోపాడు. చూడ్డానికి ఏమీ తేడా ఉండదు. ఆరిన తర్వాత నెమ్మదిగా జారుతుంది. అది తెలిసినవాడు ఈ లంకలో ఒక్కడే.

జోగయ్య కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. సూర్రావు నాలుగోది మొదలుపెట్టబోతున్నాడు.

"ఆగు," అన్నాడు జోగయ్య. "అది విప్పు. కొస లోపలికి పోవాలి."